గేరు వేసేటప్పుడు లోపల ఏం జరుగుతుంది? సింక్రోనైజర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాన్యువల్ గేర్ల కారు నడిపేవాళ్ళు, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు, గేరు సరిగ్గా పడక షెడ్డు చుట్టూ తిరుగుతున్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు ఇవి. గేర్‌బాక్స్‌లో సింక్రోనైజర్ అంత కష్టపడే భాగం ఇంకోటి లేదని నా అభిప్రాయం. కానీ చాలామంది దాని పేరు మొదటిసారి వినేది మెకానిక్ "సింక్రో పోయింది సార్, బాక్స్ దించాలి" అన్నప్పుడే. ఆ మాట నిజమో కాదో కాస్తయినా తేల్చుకోగలగాలంటే లోపల జరిగేది తెలిసి ఉండాలి, అందుకే కొన్ని జవాబులు పొడుగ్గా ఉన్నాయి.

సింక్రోనైజర్ అసలు ఏం పని చేస్తుంది?

రెండు పనులు. వేర్వేరు వేగాలతో తిరుగుతున్న రెండు భాగాలను ఒకే వేగానికి తెస్తుంది. ఆ వేగాలు కలిసేదాకా గేరు పడకుండా అడ్డంగా నిలబడుతుంది. మొదటిది అందరూ చెప్తారు, రెండోదాని గురించి చెప్పేవాళ్ళు తక్కువ. నన్నడిగితే దాని గొప్పతనమంతా ఆ రెండో పనిలోనే ఉంది. షెడ్లలో దీన్ని సింక్రో అనో, సింక్రో రింగు అనో, కొన్నిచోట్ల ఇత్తడి రింగు అనో అంటారు.

గేరు మార్చడమంటే ఒక పళ్ళ చక్రాన్ని వదిలి ఇంకోదానికి తగిలించడమే కదా?

పాతకాలం బళ్ళలో అంతే. ఇప్పటి కార్లలో ముందుకు నడిపే గేర్లన్నీ జతలు జతలుగా ఎప్పుడూ పళ్ళు కలుపుకునే ఉంటాయి, బండి న్యూట్రల్‌లో ఉన్నా సరే, ఐదో గేరులో వంద మీద పోతున్నా సరే. ప్రతి జతలో ఒక చక్రం తన షాఫ్టుతో పాటే తిరిగేలా బిగించి ఉంటుంది, రెండోది తన షాఫ్టు మీద నీడిల్ బేరింగ్‌పై ఊరికే తిరుగుతుంటుంది, దానికీ షాఫ్టుకీ పట్టు ఉండదు. మీరు గేరు వేయడమంటే ఆ ఊరికే తిరిగే చక్రాన్ని దాని షాఫ్టుతో కట్టేయడం, అంతే.

ఆ కట్టే పని స్లీవ్ చేస్తుంది. స్లీవ్ అంటే లోపలివైపు పళ్ళున్న ఒక రింగు, షాఫ్టుతో పాటు తిరుగుతూ పక్కకు జరగగలదు. గేరు చక్రం పక్కన చిన్న చిన్న మొనదేలిన పళ్ళ వరస ఒకటి ఉంటుంది, వాటిని డాగ్ పళ్ళు అంటారు. స్లీవ్ జరిగి ఆ డాగ్ పళ్ళ మీదికి ఎక్కిందంటే గేరు పడినట్టు. గేరు వేసేటప్పుడు కరకరమని శబ్దం వస్తే దెబ్బ తినేవి ఈ చిన్న పళ్ళే. "గేర్ల పళ్ళు అరిగిపోతున్నాయి" అని కంగారుపడేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, పెద్ద చక్రాల పళ్ళకు ఆ శబ్దంతో సంబంధం లేదు.

వేగాల తేడా అంటే ఎంత తేడా?

ఒక మామూలు చిన్న కారు తీసుకుందాం. ఫస్ట్ గేరు నిష్పత్తి 3.5, సెకండ్ 1.9, థర్డ్ 1.3 అనుకోండి (మీ బండిలో కాస్త అటూఇటూగా ఉంటాయి). నిష్పత్తి అంటే గేర్‌బాక్స్ నుంచి బయటికి పోయే షాఫ్టు ఒక చుట్టు తిరగడానికి లోపలికి వచ్చే షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క. ఫస్ట్‌లో ఇంజిన్ 3000 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఉండగా సెకండ్‌కి మార్చారు. అదే బండి వేగానికి సెకండ్‌లో ఉండాల్సింది సుమారు 1630. అంటే గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్టు దాదాపు 1370 ఆర్పీఎం తగ్గాలి, అదీ మీ చెయ్యి గేరు రాడ్డును న్యూట్రల్ నుంచి సెకండ్‌లోకి నెట్టే ఆ కాసేపట్లో. సెకండ్ నుంచి థర్డ్‌కి అదే 3000 దగ్గర మారిస్తే తగ్గాల్సింది సుమారు 950. వెనక్కి, థర్డ్‌లో 2500 దగ్గర ఉండి సెకండ్‌కి దిగితే షాఫ్టు 3650 దాకా పెరగాలి. ఇదంతా సెకనులో చిన్న భాగంలో అయిపోతుంది, నిమిషానికి వెయ్యి చుట్లు పైగా తేడాని ఒక ఇత్తడి రింగు రాపిడితో మింగేస్తుంది.

లోపల ఉండే భాగాలు ఏంటి?

షాఫ్టుకు బిగించి ఉండేది హబ్. హబ్ మీద జరిగేది స్లీవ్, స్లీవ్ బయటి గాడిలో కూర్చుని దాన్ని అటూ ఇటూ జరిపేది ఫోర్కు, ఆ ఫోర్కుని కదిపేది మీ గేరు రాడ్డు. హబ్‌లో మూడు చోట్ల కీలు (కీ అనే చిన్న లోహపు బిళ్ళలు) ఉంటాయి, వాటిని వెనక నుంచి స్ప్రింగ్ బయటికి నెడుతూ ఉంటుంది. స్లీవ్‌కీ గేరు చక్రానికీ మధ్య సింక్రో రింగు. రింగు లోపలివైపు ఏటవాలుగా, కోన్ ఆకారంలో ఉంటుంది, గేరు చక్రం మీద దానికి సరిగ్గా సరిపోయే నున్నటి ఉక్కు కోన్ ఉంటుంది. రింగు బయటి అంచున కూడా పళ్ళున్నాయి, గేరు డాగ్ పళ్ళెన్నో అవీ అన్నే.

కొత్త రింగు ఎప్పుడైనా చేతిలోకి తీసుకుంటే లోపలి ముఖాన్ని గోటితో గీసి చూడండి. స్క్రూ మీద ఉండే మరల్లా సన్నటి గీతలు తగులుతాయి, వాటికి అడ్డంగా కొన్ని లోతైన గాళ్ళు. ఆ గీతల పని ఆయిల్ పొరను చీల్చడం, అడ్డగాళ్ళ పని ఆ ఆయిల్‌ని బయటికి పంపేయడం. గేర్‌బాక్స్ లోపలంతా ఆయిల్‌తో తడిసి ఉంటుంది కదా, ఆయిల్ ఉన్నచోట రాపిడి పుట్టించాలంటే ముందు ఆయిల్‌ని తప్పించాలి. అరిగిపోయిన రింగులో ఆ గీతల మొనలు చదునైపోయి అద్దంలా మెరుస్తుంటాయి. చూడ్డానికి బాగుంటుంది, పనికి మాత్రం రాదు.

గేరు రాడ్డు నెట్టిన ఆ క్షణంలో వరసగా ఏం జరుగుతుంది?

క్లచ్ తొక్కారు, రాడ్డు నెట్టారు, స్లీవ్ కదిలింది. స్లీవ్ వెంట ఆ మూడు కీలు కూడా జరిగి సింక్రో రింగు వెన్ను మీద ఒత్తుతాయి. రింగు వెళ్ళి గేరు కోన్ మీద కూర్చుంటుంది. రెండింటి వేగాలు వేరు కాబట్టి కోన్ రింగుని తనతో పాటు లాక్కుపోవాలని చూస్తుంది, కానీ కీలు కూర్చున్న గాడి రింగులో కాస్త వెడల్పుగా మాత్రమే ఉంటుంది, అందుకని రింగు సగం పన్ను మేర తిరిగి అక్కడ ఆగిపోతుంది. ఈ సగం పన్నే అసలు కిటుకు. ఇప్పుడు స్లీవ్ పళ్ళ మొనలకు ఎదురుగా రింగు పళ్ళ మొనలు వచ్చి నిలబడ్డాయి, స్లీవ్ ముందుకు పోలేదు.

మీరు ఇంకా నెడుతున్నారు. స్లీవ్ పళ్ళ ఏటవాలు ముఖాలు రింగుని వెనక్కి తిప్పి దారి చేసుకోవాలని చూస్తాయి, కోన్ రాపిడి మాత్రం రింగుని అక్కడే పట్టి ఉంచుతుంది. వేగాల్లో తేడా ఉన్నంతసేపూ రాపిడిదే గెలుపు, అలా గెలిచేలాగే ఆ పళ్ళ కోణాన్నీ కోన్ కోణాన్నీ లెక్కగట్టి చేస్తారు. మీరు ఎంత గట్టిగా నెడితే రింగు అంత గట్టిగా కోన్‌ని పడుతుంది, అంటే మీ చేతి బలమంతా వేగం కలిపే పనికే పోతుంది. చేతికి రాడ్డు ఒక్క క్షణం ఆగినట్టు, మెత్తగా ఎదురు తన్నినట్టు తెలిసేది ఇప్పుడే.

వేగాలు కలిశాయి. జారడం ఆగిపోయింది కాబట్టి రింగుని పక్కకి లాగే శక్తి కూడా పోయింది. స్లీవ్ మొనలు రింగుని, దానికి అతుక్కుని ఉన్న గేరునీ ఆ సగం పన్ను వెనక్కి తిప్పేసి లోపలికి జారతాయి, అక్కడి నుంచి డాగ్ పళ్ళ మీదికి ఎక్కుతాయి. రాడ్డు టక్కున కూర్చుంటుంది.

ఇక్కడ సెన్సార్ లేదు, కంప్యూటర్ లేదు. వేగాలు కలిశాయో లేదో రింగుకి రాపిడి ద్వారానే తెలుస్తుంది, కలిసిన మరుక్షణం తలుపు తెరుచుకుంటుంది. నడుస్తున్న బస్సు ఎక్కేవాడు బస్సు వేగం అందుకునేదాకా పక్కనే పరిగెత్తి అప్పుడు అడుగు వేసినట్టు.

అంత చిన్న కోన్‌కి అంత పట్టు ఎలా వస్తుంది?

ఏటవాలు వల్ల. మామూలుగా ఈ కోన్ కోణం 6 నుంచి 7 డిగ్రీల మధ్య ఉంటుంది. బల్లపరుపు ప్లేటుని ఏ బలంతో నొక్కితే ఎంత రాపిడి వస్తుందో, అంతే బలంతో 7 డిగ్రీల కోన్‌ని నొక్కితే సుమారు ఎనిమిది రెట్లు వస్తుంది. మరి ఇంకా సన్నగా, 3 డిగ్రీలు చేస్తే ఇంకా బాగుంటుంది కదా అంటే, అప్పుడు రింగు కోన్‌లో ఇరుక్కుపోయి వదలదు.

కొన్ని కార్లలో ఫస్ట్, సెకండ్ గేర్లకు డబుల్ కోన్, ట్రిపుల్ కోన్ సింక్రోలు పెడతారు. ఒక కోన్ బదులు ఒకదాంట్లో ఒకటిగా రెండు మూడు ముఖాలు, అందుకే అవి చేతికి తేలిగ్గా పడతాయి. ఇత్తడి, కంచు కాకుండా మాలిబ్డినం పూత, కార్బన్ పొర ఉన్న రింగులు కూడా వస్తున్నాయి.

క్లచ్ పూర్తిగా తొక్కకపోతే ఏమవుతుంది?

సింక్రోనైజర్ మోయాల్సిన బరువు ఏంటో తెలిస్తే దీనికి జవాబు దొరుకుతుంది. ఒకవైపు చక్రాలు, వాటితో పాటు బండి బరువంతా ఉంది, ఆ వైపు వేగం మారదు. రెండోవైపు గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్టు, దాని గేర్లు, క్లచ్ ప్లేటు. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు రింగు వేగం మార్చాల్సింది వీటినే, ఇవి కొన్ని కిలోలే. క్లచ్ సగమే వదిలిందంటే ఈ జాబితాలోకి ఫ్లైవీల్, క్రాంక్‌షాఫ్టు, పిస్టన్లతో సహా నడుస్తున్న ఇంజిన్ వచ్చి చేరుతుంది. ఆ రింగు ఇంజిన్‌తో కుస్తీ పట్టడానికి చేసింది కాదు.

ఒక చిన్న విషయం, కానీ చాలా బళ్ళలో చూస్తుంటాను. కంపెనీ మ్యాట్ మీద ఇంకో లావుపాటి మ్యాట్ వేస్తారు, క్లచ్ పెడల్ దానికి తగిలి ఒకటి రెండు సెంటీమీటర్ల ముందే ఆగిపోతుంది. గేర్లు గట్టిగా పడుతున్నాయని గేర్‌బాక్స్ విప్పే ముందు ఆ మ్యాట్ తీసి చూడండి.

శబ్దం వస్తోంది. పోయింది సింక్రోనా, క్లచ్చా?

డబ్బు దండగయ్యేది ఇక్కడే, కాబట్టి ఓపిగ్గా చదవండి. తప్పు క్లచ్‌లో ఉండగా గేర్‌బాక్స్ దించి రింగులు మార్చేసి, తిరిగి ఎక్కించాక మళ్ళీ అదే శబ్దం రావడం కొత్తేమీ కాదు.

ముందు ఇంజిన్ ఆపి గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి చూడండి. బండి ఆగి ఉన్నప్పుడు ఒకటి అరా పళ్ళు ఎదురుబొదురై ఆగొచ్చు, అది మామూలే. కానీ అన్నీ బిర్రుగా ఉంటే రాడ్డు నుంచి బాక్స్‌కి వెళ్ళే కేబుళ్ళో, లింకేజీయో చూడాలి.

తర్వాత చదునైన చోట ఇంజిన్ స్టార్ట్ చేసి, హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి నాలుగైదు సెకన్లు ఆగండి. ఈలోగా క్లచ్ ప్లేటు, షాఫ్టు తిరగడం ఆగిపోవాలి. ఇప్పుడు మెల్లగా రివర్స్ వేయండి. మీ బండిలో రివర్స్‌కి సింక్రో లేకపోతే (చాలా కార్లలో లేదు) ఈ పరీక్ష బంగారం లాంటిది. అంతసేపు ఆగినా గర్రుమంటే షాఫ్టు ఇంకా తిరుగుతోందన్నమాట, అంటే క్లచ్ వదలట్లేదు. కేబుల్ సాగిందా, క్లచ్ ఫ్లూయిడ్ తగ్గిందా, లైన్లో గాలి చేరిందా, కింద క్లచ్ సిలిండర్ కారుతోందా చూడమనండి. ఇవేవీ గేర్‌బాక్స్ దించే పనులు కావు, ఖర్చూ తక్కువే.

ఆ పరీక్షలో శబ్దం రాలేదు, డ్రైవింగ్‌లో మాత్రం ఒక్క సెకండ్ గేరే కరకరమంటోంది, మిగతావి వెన్నలా పడుతున్నాయి, అప్పుడు అనుమానం సెకండ్ సింక్రో మీదే. ఖాయం చేసుకోవాలంటే ఆ గేరుని చాలా నిదానంగా వేసి చూడండి, లేదా కింద చెప్పిన డబుల్ క్లచ్‌తో వేయండి. శబ్దం మాయమైతే రింగు అరిగినట్టే. అన్ని గేర్లూ ఒకేలా ఇబ్బంది పెడితే అన్ని రింగులూ ఒకేసారి పోవడం అరుదు, క్లచ్చో ఆయిలో అయ్యుంటుంది. పొద్దున్నే బిర్రుగా ఉండి పది కిలోమీటర్లు పోయాక సర్దుకుంటే ఆయిల్, పొద్దున్న బాగుండి ట్రాఫిక్‌లో వేడెక్కాక మొరాయిస్తే క్లచ్ వైపు చూడండి.

ఎప్పుడూ సెకండ్ గేరు సింక్రోనే ముందు పోతుందేం?

పైన లెక్కలో చూశారు కదా, ఫస్ట్ నుంచి సెకండ్‌కి వచ్చేటప్పుడు పూడ్చాల్సిన తేడా చాలా ఎక్కువ. రాపిడిలో వేడిగా మారే శక్తి ఆ తేడా వర్గంతో పెరుగుతుంది, తేడా రెట్టింపైతే వేడి నాలుగింతలు. పైగా ఊళ్ళో నడిపితే రోజు మొత్తంలో ఎక్కువసార్లు వేసే గేరు అదే, స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ థర్డ్ నుంచి సెకండ్, మళ్ళీ థర్డ్. హైవే మీదే తిరిగే బండి లక్షన్నర కిలోమీటర్ల తర్వాత కూడా సెకండ్ గేరు బాగుండటం, సిటీలో తిరిగే బండికి అందులో సగానికే గొణుగుడు మొదలవడం రెండూ మామూలే. ఇంకో మాట, పైకి మార్చేటప్పుడు షాఫ్టు వేగం తగ్గాలి, ఆయిల్ చిక్కదనం కూడా దాన్ని ఆపడానికి సాయం చేస్తుంది. కిందికి దిగేటప్పుడు షాఫ్టు వేగం పెరగాలి, ఆయిల్ అడ్డం పడుతుంది. అందుకే అరుగుడు మొదలైన సింక్రో ముందు బయటపడేది థర్డ్ నుంచి సెకండ్‌కి దించేటప్పుడు.

రివర్స్ గేరు ఎందుకు గర్రుమంటుంది? వెనక్కి పోయేటప్పుడు ఆ కూత ఏంటి?

చాలా కార్లలో రివర్స్‌కి సింక్రో పెట్టరు, బండి ఆగాకే వేస్తారు కదా అని. అక్కడ పాత పద్ధతే, మధ్యలో ఉండే ఐడ్లర్ గేరు జరిగి రెండు చక్రాల మధ్య దూరుతుంది. అలా దూరాలంటే పళ్ళు నిటారుగా కోసి ఉండాలి, ఆ నిటారు పళ్ళ వల్లే వెనక్కి పోతుంటే కూత. అది రోగం కాదు.

గర్రుమనకుండా వేయాలంటే బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు ఆగండి. ఆ ఓపిక లేకపోతే క్లచ్ తొక్కే ఉంచి ముందు ఫస్ట్ వేసి, క్లచ్ వదలకుండానే రివర్స్‌కి రండి. ఫస్ట్ గేరు సింక్రో ఆ షాఫ్టుని ఆపేస్తుంది, రివర్స్ నిశ్శబ్దంగా పడుతుంది. డ్రైవింగ్ నేర్పేవాళ్ళు మొదటి రోజే చెప్పాల్సిన చిట్కా ఇది.

సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే ఒక్కోసారి ఫస్ట్ గేరు పడనే పడదు. పాడైనట్టా?

కాదు, టెన్షన్ పడొద్దు. బండి ఆగి ఉంది, క్లచ్ తొక్కి చాలాసేపైంది, షాఫ్టు కూడా ఆగిపోయింది. స్లీవ్ పళ్ళూ డాగ్ పళ్ళూ మొనకు మొన ఎదురుగా నిలబడ్డాయి. ఏదో ఒకటి కాస్త తిరిగితే తప్ప లోపలికి పోవు. రాడ్డుని పిడికిలితో గుద్దకండి. న్యూట్రల్‌లోకి తెచ్చి క్లచ్ ఒకసారి వదిలి మళ్ళీ తొక్కండి, షాఫ్టు కాస్త తిరుగుతుంది, పడుతుంది. లేదా ఒకసారి సెకండ్ వేసి ఫస్ట్‌కి రండి.

గేర్ ఆయిల్‌తో సింక్రోకి ఏం సంబంధం? ఖరీదైన ఆయిల్ పోస్తే మంచిదేనా?

చాలా సంబంధం ఉంది, ఖరీదుతో మాత్రం లేదు. సింక్రోకి కావాల్సింది రాపిడి, గేర్లకు కావాల్సింది జారుడు, ఒకే ఆయిల్ రెండూ ఇవ్వాలి. అందుకే కంపెనీ చెప్పిన గ్రేడే పోయాలి. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఉంటాయి. జీఎల్-5 పెద్దది కాబట్టి మంచిదనుకుని పోసేవాళ్ళున్నారు. అది ముఖ్యంగా డిఫరెన్షియల్ (చక్రాలకు బలం పంచే గేర్ల భాగం) లాంటి చోట్ల పళ్ళ మీద పడే తీవ్రమైన ఒత్తిడికి చేసింది, దాంట్లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ. వేడిలో కొన్నిరకాల గంధకం ఇత్తడిని తినేస్తుంది, పైగా మరీ జారుడు ఎక్కువై రింగు కోన్‌ని పట్టలేకపోవచ్చు. మాన్యువల్‌లో జీఎల్-4 అని ఉంటే జీఎల్-4 పోయండి. చిక్కదనం కూడా అంతే, 75 డబ్ల్యూ 80 అని రాసి ఉన్నచోట షెడ్డులో ఉంది కదా అని 90 పోయించుకోవద్దు. కొన్ని బళ్ళకు కంపెనీ ప్రత్యేక ఆయిల్ చెప్తుంది, దానికి బదులు ఇంకోటి వెతక్కండి.

ఆయిల్ తీసినప్పుడు ఒక తెల్ల గుడ్డ మీద కాస్త పోసి ఎండలో చూడండి. సన్నటి బంగారు రంగు మెరుపు కొంచెం ఉంటే భయం లేదు, అది రింగుల అరుగుదల, అయస్కాంతానికి అంటదు. అయస్కాంతానికి అంటుకునే ముక్కలు, పెచ్చులు కనిపిస్తే మాత్రం బాక్స్ విప్పాల్సిందే.

సింక్రో ఎవరు కనిపెట్టారు? అంతకుముందు ఎలా నడిపేవాళ్ళు?

కార్లలోకి మొదట తెచ్చింది అమెరికాలో కాడిలాక్, 1928లో, 1929 మోడల్ బళ్ళకు. దాని వెనక ఉన్న ఇంజినీరు ఎర్ల్ థాంప్సన్. అప్పుడు మూడు గేర్లలో పై రెండింటికే ఉండేది. అంతకుముందు డ్రైవరే సింక్రోనైజర్. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి, కిందికి దించుతుంటే యాక్సిలరేటర్ ఒక తన్ను తన్ని, మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. ఇదే డబుల్ క్లచ్.

మన దగ్గర పెద్దవాళ్ళకి ఇది బాగా తెలుసు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన అంబాసిడర్‌లో, ఫియట్ 1100 నుంచి వచ్చిన పద్మినిలో ఫస్ట్ గేరుకి సింక్రో ఉండేది కాదు, పై మూడింటికే. అందుకే ఆ తరం డ్రైవర్లు బండి పూర్తిగా ఆగనిదే ఫస్ట్ వేసేవాళ్ళు కాదు. 1983 చివర్లో వచ్చిన మారుతి 800లో ముందుకు పోయే నాలుగు గేర్లకీ సింక్రో ఉంది. చేతికి అంత తేలిగ్గా ఉందని అప్పట్లో జనం మురిసిపోవడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పుడు డబుల్ క్లచ్ నేర్చుకోవాలా?

రోజూ అవసరం లేదు. సింక్రో అరిగిన బండిని జాగ్రత్తగా ఇంటికి చేర్చుకోవడానికి, సింక్రో లేని పాత లారీలు నడపడానికి పనికొస్తుంది. నా సలహా అయితే ఒకసారి నేర్చుకోండి, వేగం కలవడమంటే ఏంటో చేతికి అర్థమవుతుంది, ఆ తర్వాత మామూలుగా నడిపినా గేరు వేసే తీరు మారిపోతుంది.

ఐదు నుంచి నేరుగా మూడుకో రెండుకో దించొచ్చా?

బండి వేగం ఆ గేరుకి తగ్గట్టు తగ్గాక అయితే నిక్షేపంగా దించొచ్చు, వరసగా ప్రతి గేరూ వేయాలనే రూలు లేదు. వేగం తగ్గకుండా దించడమే ప్రమాదం. ఫస్ట్‌లో 45 కిలోమీటర్ల వేగానికి 6000 ఆర్పీఎం చేరే బండిని 80 మీద పోతుండగా పొరపాటున ఫస్ట్‌లోకి నెట్టారనుకోండి, క్లచ్ ప్లేటు పదివేలు దాటి తిరగాలి. బలంగా నొక్కిపట్టి ఉంచితే సింక్రో నమ్మకంగా తన పని తాను చేసేస్తుంది కూడా, ఎందుకంటే అది చూసేది వేగాలు కలిశాయా లేదా అని మాత్రమే, ఆ వేగం క్లచ్ ప్లేటుకి మంచిదా కాదా అని కాదు. అంత వేగానికి ప్లేటు మీది లైనింగ్ పగిలి ఎగిరిపోవచ్చు, క్లచ్ వదిలితే ఇంజిన్‌కీ ముప్పే. తిరుమల నుంచో శ్రీశైలం నుంచో ఘాట్ దిగేటప్పుడు సెకండో థర్డో వేసుకుని దిగడం మంచి పద్ధతి, కానీ ఆ గేరులోకి వాలు మొదలవక ముందే, వేగం తక్కువ ఉన్నప్పుడే వచ్చేయండి. వాలులో బండి దూసుకుపోతుండగా న్యూట్రల్‌కి తెచ్చి కింది గేరు కోసం తడుముకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది.

గేరు రాడ్డు మీద చెయ్యి పెట్టుకుని నడిపితే తప్పేంటి?

ఫోర్కు మామూలుగా స్లీవ్ గాడిలో తగలకుండా కూర్చుని ఉంటుంది. మీ చెయ్యి బరువు పడితే, తిరుగుతున్న స్లీవ్‌కి ఫోర్కు ఒరుసుకుంటూ ఉంటుంది. గంటల తరబడి అలా ఒరిస్తే ఫోర్కు అరుగుతుంది, అరిగాక స్లీవ్‌ని చివరిదాకా నెట్టలేదు.

గేరు దానంతట అదే జారి న్యూట్రల్‌లోకి వస్తోంది. సింక్రో రింగు మార్చాలా?

రింగుతో పోయేది కాదు. డాగ్ పళ్ళు, స్లీవ్ పళ్ళు వెనకవైపు కాస్త సన్నగా కోసి ఉంటాయి, ఇంజిన్ లాగేకొద్దీ స్లీవ్ ఇంకా లోపలికి బిగుసుకునేలా. ఏళ్ళ తరబడి కరకరలాడించిన బండిలో ఆ మొనలు, ఆ వాలు గుండ్రంగా అరిగిపోయి, యాక్సిలరేటర్ తొక్కి వదలగానే స్లీవ్ బయటికి జారుతుంది. అరిగిన ఫోర్కు, బలం పోయిన లాక్ స్ప్రింగు, విరిగిన ఇంజిన్ మౌంటింగ్ కూడా కారణం కావచ్చు. మౌంటింగ్ ముందు చూడండి, అది పైనుంచే తెలుస్తుంది.

బైక్‌లో, ఆటోమేటిక్‌లో, ఎలక్ట్రిక్ కారులో కూడా ఇది ఉంటుందా?

బైక్‌లో ఉండదు. అక్కడ తిరిగే భాగాలు చిన్నవి, గేర్ల మధ్య తేడా తక్కువ, డాగ్ పళ్ళు నేరుగా టక్కున తగులుకుంటాయి. ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) కార్లలో తప్పకుండా ఉంటుంది. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో మొదలైన ఆ పద్ధతిలో గేర్‌బాక్స్ మామూలు మాన్యువల్‌దే, క్లచ్ తొక్కడం, రాడ్డు కదపడం మాత్రం యంత్రం చేస్తుంది. డీసీటీ (రెండు క్లచ్‌లుండే ఆటోమేటిక్) గేర్‌బాక్స్‌లో కూడా సింక్రోలు ఉంటాయి. సీవీటీ (బెల్టుతో నిష్పత్తిని మెల్లగా మారుస్తూ పోయే ఆటోమేటిక్)లో గేర్లు మార్చడమే లేదు కాబట్టి వీటితో పనిలేదు. మన రోడ్ల మీది ఎలక్ట్రిక్ కార్లకు మామూలుగా ఒకటే గేరు, వాటికీ అవసరం లేదు.

గేర్‌బాక్స్ విప్పక తప్పలేదు. నేను పక్కన నిలబడి ఏం అడగాలి?

రింగుని దాని గేరు కోన్ మీద చేత్తో నొక్కి తిప్పమనండి. పట్టుకోవాలి, జారకూడదు. అలా నొక్కి ఉంచి, రింగు పళ్ళకీ గేరు డాగ్ పళ్ళకీ మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో (సన్నటి కొలత రేకులతో) మూడు చోట్ల కొలవమనండి. కొత్తదానికి చాలా బళ్ళలో 1 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది, అర మి.మీ. కంటే తగ్గితే మార్చమంటారు, మీ బండి సర్వీస్ మాన్యువల్ అంకె చూసుకోవాలి. గేరు కోన్‌ని కూడా వేలితో తడిమి చూడండి, గీతలు పడి ఉన్నా, వేడికి నీలిరంగు తిరిగి ఉన్నా కొత్త రింగు ఒక్కటి వేసి లాభం లేదు, అది కొన్నాళ్ళకే పోతుంది. డాగ్ పళ్ళ మొనలు పదునుగా ఉన్నాయా, గుండ్రంగా అయ్యాయా చూడండి. స్లీవ్, హబ్ విడదీసే ముందు గుర్తు పెట్టుకోమనండి, అవి ఒకదానికొకటి అలవాటుపడిన జత, తలకిందులుగా పెడితే గేరు సరిగా కూర్చోదు. కీలు, స్ప్రింగులు చవక, అవి పాతవే వేయించుకోవద్దు. కొత్త రింగుని పొడిగా కాకుండా గేర్ ఆయిల్‌లో ముంచి బిగించాలి.

ఖర్చులో పెద్ద వాటా బాక్స్ దించి ఎక్కించే కూలిదే. ఎలాగూ దించారు కాబట్టి క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ ఎంత మిగిలి ఉన్నాయో చూసి, సగానికి పైగా అరిగి ఉంటే అప్పుడే మార్పించండి, ఆయిల్ సీళ్ళు కూడా. తీసేసిన పాత రింగులు మీకే ఇవ్వమని ముందే చెప్పండి. లోపలి గీతలు ఇంకా గోటికి తగులుతున్న రింగుని "పోయింది" అని మార్చి ఉంటే, అసలు సమస్య క్లచ్‌లో ఉందేమో అక్కడే, బండి ఇంకా జాకీల మీద ఉండగానే అడగండి.